దామర్ల వారి కౌలు : ఒక రాజకీయ పత్ర విమర్శ

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- ఒక రాజకీయ పత్రాన్ని సాహిత్య పాఠంలాగానే పరిశీలించి విమర్శించగలుగుతారు.
- 1639లో దామర్ల నాయకుడు ఆంగ్ల ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన కౌలులోని షరతులను వివరించగలుగుతారు.
- తొలినాటి అమెరికా గణతంత్రం విదేశీ ఒప్పందాలను నడిపిన తీరుతో ఈ కౌలును పోల్చగలుగుతారు.
- ఒక నేల మీద ఒప్పందం చేసే అధికారం ఎవరిదన్న ప్రశ్నకు మీ సొంత సమాధానం రాయగలుగుతారు.

1.1 పరిచయం

విమర్శ అనగానే మనకు కావ్యం, శతకం, కథ, నవల గుర్తుకు వస్తాయి. శ్రీకాళహస్తి పేరు చెప్పగానే ధూర్జటి, ఆయన కాళహస్తీశ్వర శతకం గుర్తుకు వస్తాయి. రాజసేవను అంతగా ఈసడించిన శతకం మన సాహిత్యంలో మరొకటి దొరకడం కష్టం. అయితే రాజులను విమర్శించడం వేరు, రాజులు రాయించిన పత్రాలను విమర్శించడం వేరు. మొదటిదానికి ధర్మాగ్రహం చాలు. రెండవదానికి ప్రతి వాక్యాన్నీ ఆపి చదివే ఓపిక కావాలి. ఇక్కడ ఎవరు ఇస్తున్నారు, ఎవరు పుచ్చుకుంటున్నారు, ఎంతకాలానికి, మాట తప్పితే ఏమవుతుంది అని అడగాలి. ఈ పాఠంలో మనం చేసేది ఈ రెండవ పని.

మనం తీసుకున్న పత్రం దామర్ల వెంకటప్ప నాయకుడు (వెంకటాద్రి నాయకుడు అని కూడా అంటారు) 1639లో ఆంగ్ల కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకి ఇచ్చిన కౌలు. తరువాతి కాలంలో కాళహస్తి జమీందారులుగా ప్రసిద్ధులైనది ఈ దామర్ల వంశమే. మద్రాసు నగరం పుట్టుకకు ఈ కౌలు ఆధారం. నాయకుడి తండ్రి చెన్నప్ప పేరు మీదుగానే చెన్నపట్టణం అన్న పేరు వచ్చిందని చెప్తారు.

ఈ కౌలు గురించి మన ప్రాంతంలో రెండు మాటలు వినిపిస్తాయి. కాళహస్తి రాజు మహాదాత, పట్టణాన్నే దానం చేశాడన్నది ఒకటి. తెల్లవాడికి తలుపు తీసి దేశాన్ని పోగొట్టాడన్నది మరొకటి. ఈ రెండు మాటలూ పత్రాన్ని చదవకుండా చెప్పినవే. చదివితే మూడవ మాట ఒకటి కనబడుతుంది. దానికి పక్కన పెట్టి చూడటానికి, కంపెనీ టీ పెట్టెలను 1773లో బోస్టన్ రేవులో నీళ్ళపాలు చేసిన ప్రజలు ఆ తరువాత కట్టుకున్న గణతంత్రాన్ని తీసుకుందాం. ఆ కంపెనీ వెనుక ఉన్న బ్రిటన్‌తో వాళ్ళు కూడా ఒప్పందాలు చేసుకోవలసి వచ్చింది.

1.2 పత్రం నేపథ్యం

1611లోనే ఆంగ్ల కంపెనీ మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టుకుంది. తరువాత నెల్లూరు తీరంలోని దుగరాజపట్నంలో మరొకటి నెలకొల్పింది. దానినే వాళ్ళు ఆర్మగాన్ అన్నారు. ఆ రెండు చోట్లా వాళ్ళకు ఇబ్బందులు ఎదురయ్యాయి. పులికాట్‌లో డచ్చివారు, శాంథోమ్‌లో పోర్చుగీసువారు అప్పటికే కోటలు కట్టుకొని ఉన్నారు. మంచి బట్ట చవకగా దొరికే చోటు, సొంత కోట కట్టుకోనిచ్చే దొర కోసం ఆర్మగాన్ అధికారి ఫ్రాన్సిస్ డే వెతుకుతున్నాడు.

దామర్ల వెంకటప్ప వందవాసి కేంద్రంగా ఈ తీరప్రాంతాన్ని ఏలుతున్నాడు. ఆయన సోదరుడు అయ్యప్ప పూనమల్లిలో ఉండేవాడు. వారిపైన సార్వభౌముడు విజయనగర ఆరవీడు వంశపు వెంకటపతి రాయలు. చంద్రగిరి, వేలూరు ఆ వంశానికి రాజస్థానాలు. తళ్ళికోట యుద్ధం తరువాత సామ్రాజ్యం బాగా కుంచించుకుపోయింది. ఉత్తరాన గోలకొండ, పడమట బీజాపూరు ఒత్తిడి పెంచుతున్నాయి. దక్షిణాన నాయకులు స్వతంత్రించారు. ఈ పరిస్థితిలో దామర్ల వంటి నాయకుడికి పేరుకు పైన రాజు ఉన్నాడు గాని, ఇరుగుపొరుగు నుంచి ప్రమాదం వస్తే తనను తానే కాచుకోవాలి.

1.3 పాఠ పరిశీలన : మనం చదువుతున్నది ఎవరి గొంతు?

ఏ పాఠాన్నయినా విమర్శించే ముందు పాఠ పరిష్కరణ జరగాలని మీరు గత పాఠాలలో చదివారు. ఇక్కడా అంతే. మనం చదువుతున్నది కంపెనీ పత్రాలలో నిలిచిన ఆంగ్ల రూపం. అందులో దామర్ల వారి పేరు తెలుగువాడు గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. తేదీ విషయంలోనూ తేడా ఉంది. పత్రం మీద కనిపించేది జూలై 22. మద్రాసు దినోత్సవం జరుపుకొనేది ఆగస్టు 22న.

ఇవి చిన్న విషయాలుగా కనిపించవచ్చు. కాని నాయకుడు మాట్లాడిన మాట దుబాసీ నోట మారి, గుమాస్తా కలంలో మరొకసారి మారి, కంపెనీ దస్తావేజుగా మనకు చేరిందని అవి గుర్తుచేస్తాయి. పత్రమంతా నాయకుడే స్వయంగా మాట్లాడుతున్నట్లు, "మేము" అన్న ఉత్తమపురుషలో నడుస్తుంది. ఆంగ్లేయుల మీద తనకున్న ప్రత్యేక అభిమానం వల్లనే ఇవన్నీ ఇస్తున్నట్లు చెప్పుకుంటుంది. ఈ అభిమానం నాయకుడి మనసులోదో, రాయించుకున్నవాడి అవసరమో మీరు ఆలోచించండి. శాసనాలలో దానకారణం చెప్పడం మన దేశంలోనూ ఉన్నదే. అక్కడ పుణ్యం కారణం, ఇక్కడ ప్రేమ కారణం. రెండు చోట్లా లెక్క మాత్రం ఆ మాటల వెనుక దాగి ఉంటుంది.

1.4 షరతులు : దాత వైపు, గ్రహీత వైపు

కౌలులోని ముఖ్యమైన అంశాలను మన మాటల్లో చెప్పుకుందాం.

మొదటిది కోట. మద్రాసపట్నంలో గాని, దాని చుట్టుపక్కల గాని కంపెనీకి అనువైన చోట కోట కట్టుకోవచ్చు. కట్టడం పూర్తయ్యే దాకా ఖర్చు నాయకుడిది. ఆంగ్లేయులు దానిలో ప్రవేశించేటప్పుడు ఆ సొమ్ము తిరిగి ఇవ్వాలి. ఆచరణలో మాత్రం కట్టడానికి కంపెనీ సొమ్మే ఖర్చయింది. ఆ ఖర్చు గురించి లండన్‌లోని పెద్దలు చాలాకాలం గొణిగారు.

రెండవది పాలన, ఆదాయం. కోటలో కుదురుకున్న నాటి నుంచి రెండేళ్ళ పాటు మద్రాసపట్నం పాలన కంపెనీదే. ఆ తరువాత రేవు సుంకాలు, రాబడి చెరి సగం.

మూడవది సుంకం. కంపెనీ సొంత సరుకుకు రేవులో సుంకం ఎప్పటికీ లేదు. ఆ సరుకు లోపలి సీమలకు పోతే మాత్రం ఇతర వర్తకులు కట్టేదానిలో సగం కట్టాలి.

నాలుగవది టంకశాల. నాణాలు ముద్రించే హక్కు కంపెనీకి శాశ్వతం. పనివారి కూలి తప్ప మరే చెల్లింపూ లేదు.

ఐదవది అప్పు. వర్తకులకు, అద్దకపు పనివారికి, నేతగాళ్ళకు కంపెనీ ముందుగా డబ్బు ఇచ్చేటప్పుడు నాయకుడికి తెలియజేసి, వారి నమ్మకస్తత్వానికి ఆయన మాట తీసుకుంటే, వాళ్ళు ఎగ్గొట్టిన సొమ్మును ఆయనే చెల్లిస్తాడు. లేదా తన సీమలో ఎక్కడ దొరికినా ఆ మనుషులనే పట్టి కంపెనీకి అప్పగిస్తాడు.

ఆరవది ఓడలు. ఆ రేవుకు వచ్చే ఓడ ఏ దేశానిదైనా తన తీరాన పగిలితే, దొరికిన సరుకును అడిగినవెంటనే తిరిగి ఇస్తాడు. కోటకు, ఓడలకు కొనే తిండి సామాగ్రికి కూడా సుంకం ఉండదు.

ఇప్పుడు ఒక పని చేయండి. ఒక కాగితం మీద రెండు వరుసలు గీసి, నాయకుడు ఇచ్చేవి ఒక వరుసలో, కంపెనీ ఇచ్చేవి రెండవ వరుసలో రాయండి. మొదటి వరుస నిండిపోతుంది. రెండవ వరుసలో కోట ఖర్చు వాపసు, రెండేళ్ళ తరువాత సగం రాబడి, లోపలి సీమల్లో సగం సుంకం మిగులుతాయి. ఈ పట్టిక చూస్తే నాయకుడు అమాయకుడని అనిపిస్తుంది. కాని ఆయన కోరుకున్నవి వేరే చోట ఉన్నాయి.

1.5 రాయని కోరికలు

నాయకుడు ఇంత ఉదారంగా ఎందుకు ఇస్తున్నాడో డే తన పైవారికి వివరించాడు. ఆయన ఇచ్చిన కారణాలలో మొదటిది ఈ వర్తకం వల్ల తన సీమ బాగుపడుతుందన్న ఆశ. పర్షియా నుంచి మంచి గుర్రాలు కావాలన్నది మరొకటి. బెంగాల్ నుంచి డేగలు, కోతులు, చిలుకలు వంటివి తెప్పించుకోవాలన్న సరదా ఇంకొకటి. అన్నిటికన్నా ముఖ్యమైనది, కోట గట్టిగా ఉంటే పొగరుబోతు ఇరుగుపొరుగు మీదికి వచ్చినప్పుడు అది తన ప్రాణానికి అండ అవుతుందన్నది.

డేగలను, చిలుకలను చూసి నవ్వుకోవచ్చు. కాని గుర్రాలు, కోట అండ నవ్వవలసినవి కావు. ఆనాటి దక్షిణాదిన గుర్రపు దండు లేనివాడికి రాజ్యం లేదు. తీరంలో కొత్త స్నేహితుణ్ణి నిలబెట్టి, డచ్చివారికి, పోర్చుగీసువారికి పోటీగా వాడుకొని, వారి ఫిరంగుల నీడలో తన సీమను కాపాడుకోవాలనుకోవడం చక్కని విదేశాంగ నీతి. బలవంతుల మధ్య ఇరుక్కున్న చిన్న దొర ఒకరి మీద ఒకరిని ప్రయోగించే నీతి అది.

లోపం ఎక్కడ ఉందంటే, ఈ కోరికలలో ఒక్కటీ కౌలులో లేదు. గుర్రాల మాట లేదు. ఆపదలో నాయకుణ్ణి కాపాడతామన్న మాట లేదు. కంపెనీ అడిగిన ప్రతిదీ షరతుగా పత్రంలోకి ఎక్కింది. నాయకుడు ఆశించినదంతా సంభాషణలో, డే రాసిన ఉత్తరంలో ఉండిపోయింది. ఈ పాఠంలో మనం చేస్తున్న ప్రధాన విమర్శ ఇదే. దామర్ల వెంకటప్ప దేశాన్ని అమ్మలేదు, దానమూ చేయలేదు. ఆయన ఒక బేరం చేశాడు, కాని ఆ బేరంలో తన సగాన్ని రాయించుకోలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
(అ) కౌలులో కాలపరిమితి ఉన్న అంశం ఏది? శాశ్వతంగా ఇచ్చినవి ఏవి?
(ఆ) నాయకుడి కోరికలు పత్రంలో లేకపోవడాన్ని మీరు ఎలా అర్థం చేసుకుంటారు?

1.6 "ఎప్పటికీ" అన్న మాట : జే ఒప్పందంతో పోలిక

కౌలులో రెండేళ్ళు అన్న గడువు పాలనకు మాత్రమే ఉంది. ఆ గడువు ముగిశాక పాలన ఎవరిదో స్పష్టంగా చెప్పదు, రాబడి పంపకమే చెబుతుంది. సుంకం మినహాయింపుకు, టంకశాలకు గడువు లేదు. మాట తప్పితే తీర్పు చెప్పేది ఎవరో లేదు. కోట ఖాళీ చేయించే దారి లేదు. పైనున్న రాయల ఆమోదం కావాలన్న ఊసు కూడా లేదు.

ఇప్పుడు సుమారు నూటయాభై ఏళ్ళు ముందుకు వెళ్దాం. 1783లో పారిస్ ఒప్పందంతో స్వతంత్రం గుర్తింపు పొందిన అమెరికా కూడా చిన్న దేశమే. ఒక పక్క బ్రిటన్, మరొక పక్క ఫ్రాన్స్. 1793లో ఆ రెంటి మధ్య యుద్ధం వచ్చినప్పుడు అధ్యక్షుడు వాషింగ్టన్ తటస్థతను ప్రకటించాడు. 1794 నవంబరు 19న రాయబారి జాన్ జే లండన్‌లో బ్రిటన్‌తో ఒక ఒప్పందం మీద సంతకం చేశాడు. ఆ ఒప్పందం పదమూడవ అధికరణం మనకు సంబంధించినది. ఇండియాలోని బ్రిటిష్ రేవులలో అమెరికా ఓడలు వర్తకం చేసుకోవచ్చని అది అనుమతించింది. అప్పటికి చెన్నపట్టణం కూడా అలాంటి రేవే.

ఆ అధికరణంలో రెండు విషయాలు గమనించండి. మొదటిది, ఒప్పందంలో మొదటి పది అధికరణాలు శాశ్వతం, తక్కిన వాటికి పన్నెండేళ్ళ గడువు. ఇండియా వర్తకం ఈ గడువు ఉన్న భాగంలోనే ఉంది. రెండవది, అమెరికన్లు తీరం వెంబడి రేవు నుంచి రేవుకు సరుకు మోయరాదు. అక్కడి బ్రిటిష్ ప్రభుత్వం అనుమతి లేకుండా స్థిరపడరాదు, లోపలి సీమలకు పోరాదు. అంటే వర్తకుడిగా వచ్చి కోట కట్టుకొని స్థిరపడిన కంపెనీ, మరొక వర్తకుణ్ణి మాత్రం రేవు గట్టు దాటనివ్వలేదు. 1639లో దామర్ల వారు పెట్టవలసిన షరతు ఏదో బ్రిటన్‌కు బాగా తెలుసు. 1792లో వాషింగ్టన్ కలకత్తాకు కాన్సల్‌గా నియమించిన బెంజమిన్ జాయ్‌ను కూడా కంపెనీ కాన్సల్‌గా గుర్తించలేదు. ఇక్కడి చట్టానికి లోబడిన వర్తక ప్రతినిధిగా మాత్రమే ఉండనిచ్చింది.

ఇక ఆమోదం సంగతి చూద్దాం. అమెరికా రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుడు ఒప్పందం చేయవచ్చు గాని, సెనేట్‌లో హాజరైనవారిలో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి. జే ఒప్పందం 1795 జూన్ 24న ఇరవై ఓట్లకు పది ఓట్లతో గట్టెక్కింది. ఒక్క ఓటు తగ్గినా పడిపోయేది. అప్పుడు కూడా వెస్టిండీస్ వర్తకం మీద అవమానకరంగా ఉన్న షరతును సెనేట్ పక్కన పెట్టింది. దేశమంతటా నిరసనలు జరిగాయి, జే దిష్టిబొమ్మలు తగలబెట్టారు. 1796లో ప్రతినిధుల సభ ఒప్పందం కాగితాలు చూపమని అడిగితే వాషింగ్టన్ నిరాకరించాడు. అమలుకు కావలసిన డబ్బు 51 ఓట్లకు 48తో మంజూరైంది.

ఇంత గొడవ ఎందుకు అని మీరు అడగవచ్చు. ఆ గొడవే రక్షణ. జే ఒప్పందం గొప్పదేమీ కాదు, అమెరికాకు దక్కింది తక్కువే. కాని ఏమి ఇస్తున్నారో, ఎంతకాలానికి ఇస్తున్నారో పదిమంది చదివి, తిట్టి, కొట్టివేసి, ఓటు వేశారు. దామర్ల వారి కౌలును అలా చదివినవారు ఎవరూ లేరు. రాజ్యాంగ సభలు లేని కాలంలో అది సాధ్యమా అన్నది న్యాయమైన ప్రశ్నే. మన విమర్శ ఒక మనిషి తెలివితక్కువతనం గురించి కాదు. ఒకే మనిషి మాట మీద నేలను నడిపే పద్ధతి గురించి.

1.7 అప్పు షరతు : ఎవరి శరీరం తాకట్టు?

కౌలులో అందరూ దాటిపోయే వాక్యం ఐదవ షరతు. బాకీపడిన వర్తకుణ్ణి, అద్దకపు పనివాణ్ణి, నేతగాణ్ణి నాయకుడు కంపెనీకి అప్పగిస్తాడు. శ్రీకాళహస్తి ఈనాడు కలంతో గీసే కలంకారీకి పేరుపొందిన ఊరు. అటువంటి బట్టల మీద రంగులు వేసే పనివారి గురించే ఈ వాక్యం మాట్లాడుతోంది. పత్రం మొత్తంలో సామాన్య ప్రజ కనిపించే చోటు దాదాపు ఇదొక్కటే. అదీ పట్టి ఇవ్వవలసిన వస్తువుగానే.

పగిలిన ఓడ సరుకును యజమానికి తిరిగి ఇవ్వాలన్న షరతు ఎంత మర్యాదగా ఉందో చూడండి. అది ఏ దేశపు ఓడకైనా వర్తిస్తుంది. అదే మర్యాద తన సొంత సీమలోని నేతగాడికి లేదు. వాన పడి నూలు తడిసిందా, జబ్బు చేసిందా, కంపెనీ గుమాస్తా బట్టను అన్యాయంగా తోసిపుచ్చాడా అని విచారించే చోటే ఈ పత్రంలో లేదు.

అమెరికాలోనూ బాకీల సమస్య వచ్చింది. విప్లవానికి ముందు వర్జీనియా రైతులు బ్రిటిష్ వర్తకులకు బాకీపడ్డారు. యుద్ధకాలంలో వర్జీనియా చేసిన చట్టం ఆ బాకీలను రాష్ట్ర ఖజానాకు కట్టి విముక్తి పొందవచ్చంది. 1783 ఒప్పందం మాత్రం అప్పులవారికి అడ్డంకులు ఉండరాదంది. 1796లో వేర్ వర్సెస్ హిల్టన్ కేసులో సుప్రీంకోర్టు, రాష్ట్ర చట్టం కన్నా దేశం చేసిన ఒప్పందమే పైదని తీర్పు చెప్పింది. బాకీదారుల పక్షాన వాదించి ఓడినవాడు జాన్ మార్షల్. తరువాత ప్రధాన న్యాయమూర్తి అయినది ఆయనే. ఇక్కడ ఫలితం అప్పులవాడికే అనుకూలం. కాని బాకీదారుడికి వకీలు ఉన్నాడు, వాదన ఉంది, కారణాలతో రాసిన తీర్పు ఉంది. మనిషిని పట్టి ఇవ్వడానికి, మనిషి మాట విని తీర్పు చెప్పడానికి మధ్య ఉన్న దూరాన్నే చట్టపాలన అంటాం.

1.8 ఒక న్యాయాభిప్రాయం సముద్రాలు దాటడం

అమెరికాను పొగిడి ఈ పాఠాన్ని ముగిస్తే అది విమర్శ కాదు. అందుకే మరొక పత్రం చూద్దాం. 1757లో ఇంగ్లండ్ ప్రభుత్వ న్యాయాధికారులు ప్రాట్, యార్క్ ఈస్టిండియా కంపెనీ గురించి ఒక అభిప్రాయం రాశారు. ఇండియా రాజుల నుంచి, ప్రభుత్వాల నుంచి ఒప్పందం ద్వారా గాని, దానం ద్వారా గాని పొందిన నేలకు ఇంగ్లండ్ రాజు ప్రత్యేక పట్టా అక్కరలేదని దాని సారాంశం. దామర్ల వారి కౌలు వంటి పత్రాలకు ఇది చట్టబద్ధమైన గొడుగు.

ఈ అభిప్రాయం అట్లాంటిక్ దాటి అమెరికా భూవ్యాపారుల చేతికి చిక్కింది. మొగలు చక్రవర్తి, ఈస్టిండియా కంపెనీ ప్రస్తావనలు తీసివేసిన ప్రతి అక్కడ చలామణి అయింది. దానితో "ఇండియన్" రాజులంటే అమెరికా ఆదివాసులని చదువుకోవచ్చు. ఆ ధైర్యంతో వ్యాపారులు 1773లో, 1775లో ఇల్లినాయ్, పియాంకెషా జాతుల నుంచి విస్తారమైన భూములు కొన్నారు. పత్రంలో నాలుగు మాటలు తీసేస్తే ఒక ఖండానికి రాసినది మరొక ఖండానికి వర్తిస్తుందని దీనివల్ల తెలుస్తుంది. పాఠ పరిష్కరణ పండితుల కాలక్షేపం కాదని 1.3లో చెప్పుకున్న మాట ఇక్కడ రుజువవుతుంది.

ఆ కొనుగోళ్ళ వివాదం జాన్సన్ వర్సెస్ మెకింటాష్ కేసుగా 1823లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. మార్షల్ ఆ అభిప్రాయాన్ని సరిగానే చదివాడు. రాజులు, ప్రభుత్వాలు అన్న మాటలు తూర్పు ఇండియా వారికి వాడేవి గాని పశ్చిమాన ఉన్న జాతులకు కావన్నాడు. కొనుగోళ్ళు చెల్లవన్నాడు. అయితే ఆయన చెప్పిన కారణం ఆదివాసులకు మేలు చేయలేదు. నేల మీద వారికి ఉన్నది నివాసపు హక్కు మాత్రమే, దానిని తీసుకోగలిగేది ప్రభుత్వం ఒక్కటే అని తేల్చాడు. అంటే దామర్ల నాయకుడికి కాగితం మీదనైనా దక్కిన గౌరవం పియాంకెషా పెద్దలకు దక్కలేదు. సెనేట్, కోర్టు, ఓటు అన్నీ ఉన్న గణతంత్రంలో కూడా "ప్రజలు" అన్న లెక్కలోకి రానివారికి పత్రం కవచం కాలేదు.

1.9 కౌలు తరువాతి కథ

1640 ఫిబ్రవరిలో డే, కోగన్ మద్రాసపట్నం చేరి సెయింట్ జార్జ్ కోట పని మొదలుపెట్టారు. 1645లో శ్రీరంగరాయలు కంపెనీకి మళ్ళీ స్వయంగా అనుమతి ఇచ్చాడు. నాయకుడి మాట చాలదని, పైవాడి మాట కావాలని కంపెనీ గ్రహించిందనడానికి ఇదే సాక్ష్యం. కొద్దికాలానికే ఈ ప్రాంతం గోలకొండ చేతిలోకి పోయింది. 1672లో గోలకొండతో చేసుకున్న ఏర్పాటు ప్రకారం కంపెనీ సాలుకు 1200 వరహాల అద్దె కట్టడానికి ఒప్పుకుంది. సగం రాబడి అన్న పాత లెక్క అలా ముగిసింది. దొరలు మారారు, కోట మారలేదు.

1801లో ఆర్కాటు నవాబు సీమ కంపెనీ పాలనలోకి వచ్చింది. 1802లో కాళహస్తి, వెంకటగిరి, కార్వేటినగరం సంస్థానాధీశులకు కంపెనీ సనదులు ఇచ్చింది. సాలుకు ఇంత పేష్కష్ కడితే మీ సీమ మీది అన్నది ఆ సనదుల సారం. 1639లో ఇచ్చిన చేయి 1802 నాటికి పుచ్చుకొనే చేయి అయింది. ఆ వ్యవస్థ 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో ముగిసింది.

1950లో మనమూ గణతంత్రమయ్యాం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు "మద్రాసు మనదే" అన్న నినాదం మారుమోగింది. చెన్నపట్టణం తెలుగు నాయకుడు ఇచ్చిన నేల అన్న జ్ఞాపకం ఆ వాదనలో ఒక భాగం. మనసుకు దగ్గరగా ఉన్నా ఈ వాదన నిలవదు. నేల దొర సొత్తు, ఆయన ఇష్టం వచ్చినవారికి ఇవ్వవచ్చు అని ఒప్పుకుంటేనే ఆ కౌలు మనకు సాక్ష్యం అవుతుంది. గణతంత్రం కాదన్నది సరిగ్గా ఆ మాటనే. ఒక నగరం ఎవరిదన్నది అక్కడ నివసించేవారిని బట్టి, చట్టసభల నిర్ణయాన్ని బట్టి తేలాలి గాని 1639 నాటి కాగితాన్ని బట్టి కాదు.

మన న్యాయస్థానం దీనిని స్పష్టంగా చెప్పింది. 1958లో నెహ్రూ, పాకిస్తాన్ ప్రధాని నూన్ చేసుకున్న ఒప్పందంలో బేరుబారి ప్రాంతాన్ని పంచడానికి అంగీకరించారు. దేశపు నేలను మరొక దేశానికి ఇవ్వడానికి ప్రధాని సంతకం చాలదు, రాజ్యాంగాన్ని సవరించాలని 1960లో సుప్రీంకోర్టు అభిప్రాయం చెప్పింది. అదే సంవత్సరం తొమ్మిదవ సవరణ జరిగింది. అదే 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అది కూడా పార్లమెంటు చేసిన చట్టం ద్వారానే. నచ్చినవారు, నచ్చనివారు ఉన్నారు. కాని ఒక దొర ప్రేమ పేరుతో అది జరగలేదు.

1.10 సారాంశం

దామర్ల వారి కౌలు దానపత్రం కాదు, ద్రోహపత్రం కాదు. ఇద్దరు అవసరార్థుల మధ్య జరిగిన బేరంలో ఒకరి సగం మాత్రమే రాతకు ఎక్కిన పత్రం. దానిలో నాలుగు లోపాలు చూశాం. దాత కోరికలు రాయలేదు. శాశ్వత హక్కులకు గడువు లేదు. తగవు తీర్చే చోటు లేదు. బాకీపడిన పనివాడికి నోరు లేదు. తొలినాటి అమెరికా గణతంత్రం ఒప్పందాలకు గడువు, సభ ఆమోదం, న్యాయవిచారణ అన్న మూడు కాపలాలు పెట్టింది. అయితే వాటి రక్షణ ఆదివాసులకు అందలేదు. కాబట్టి ఏ రాజకీయ పత్రాన్ని చదివినా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో రాయనిది ఏమిటి? ఇందులో ఎవరి మాట వినబడలేదు?

1.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. దామర్ల వారి కౌలులోని షరతులను వివరించి, వాటిపై మీ విమర్శ రాయండి.
2. దామర్ల వారి కౌలును జే ఒప్పందం పదమూడవ అధికరణంతో పోల్చండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ప్రాట్, యార్క్ అభిప్రాయంలో మాటలు తీసివేయడం వల్ల ఏమి జరిగింది?
2. "మద్రాసు మనదే" వాదనకు కౌలును సాక్ష్యంగా చూపడం సమంజసమేనా? చర్చించండి.
3. మీ ఇంట్లో గాని, మీ ఊరిలో గాని ఉన్న ఒక కౌలు పత్రాన్నో, అప్పు పత్రాన్నో తీసుకొని 1.4లో చెప్పినట్లు రెండు వరుసల పట్టిక తయారుచేయండి. ఏ వరుస ఖాళీగా ఉందో, ఎందుకు ఉందో రాయండి.